కళ్ళు మూసుకోని మనిషి

ఆమె పోయిందన్న కబురు నాకు ఉప్పల్ మార్కెట్లో వంకాయలు ఏరుకుంటుండగా తెలిసింది. ఆమె వెళ్ళే చర్చికే వెళ్ళే ఒకావిడ నా మోచెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయి, "మన నర్సమ్మ పోయిందమ్మా. మెదక్ దిక్కు, తమ్మునింట్ల. నిద్రల్నే పోయిందంట, అదృష్టవంతురాలు" అంది.

నిద్రలో పోయిందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆమె కళ్ళు మూసుకుని ఉండగా నేనెన్నడూ చూడలేదు. ప్రార్థనలో అందరూ తలలు వంచి కళ్ళు మూసుకుంటే, ఆమె మాత్రం గోడ మీద పురుగును పట్టబోతున్న బల్లిని చూస్తూ నిలబడేదట. ఆ మాట చెప్పింది కూడా ఈ చర్చి ఆవిడే. వంకాయలు అక్కడే వదిలేసి ఇంటికొచ్చాను.

నర్సమ్మ ఆమె పేరు కాదు. ఉప్పల్‌లో ఒక చిన్న దవాఖానాలో నర్సు కాబట్టి నర్సమ్మ. తాటిచెట్టు మీంచి పడ్డ కల్లుగీసే గౌండ్లవాళ్ళకీ, చెంగిచెర్ల క్వారీల్లో వేళ్ళు నలిగిన కూలీలకీ, కాన్పు కష్టమైన ఆడవాళ్ళకీ అందరికీ నర్సమ్మే. ఊరి ముసలమ్మలు అదేదో అమ్మవారి పేరన్నట్టు చేతులు జోడించేవారు. ఆమెకు ఒళ్ళు మండేది. "దండం నాకెందుకు? పుండు సూపియ్" అనేది.

అప్పటికి ముప్పై అయిదుకు దగ్గరపడ్డ మనిషి. ఎత్తు తక్కువ, భుజాలు వెడల్పు. చలికాలం వస్తే తెల్లచీర మీద మగవాళ్ళ బూడిదరంగు స్వెటరు, కాళ్ళకు కాన్వాసు బూట్లు. బుగ్గలో ఎప్పుడూ ఒక లవంగం. దగ్గరికొస్తే స్పిరిటు వాసనా లవంగం వాసనా కలిసి వచ్చేవి. ఎదుటివాళ్ళతో మాట్లాడేటప్పుడు మొహం చూసేది కాదు, చేతులు చూసేది. "మొకం అబద్ధం ఆడుతది. చేతులకు రాదు" అనేది.

మేం గుంటూరు వాళ్ళం. మావారికి ఇక్కడ ప్రభుత్వ పరిశోధనశాలలో ఉద్యోగం వచ్చి, అరవైల మొదట్లో నాచారంలో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. చుట్టూ బండరాళ్ళు, తాటిచెట్లు, అప్పుడప్పుడే గోడలు లేస్తున్న ఫ్యాక్టరీలు. మావారు పొద్దున్నే బస్సెక్కి వెళ్ళిపోతే ఇక నాతో మాట్లాడే మనిషి ఉండేది కాదు. నా మాట పక్కింటివాళ్ళకు వింత, వాళ్ళ మాట నాకు వింత. ఒకరోజు పెరట్లో తుప్పుపట్టిన మేకు అరికాల్లో దిగితే ఉప్పల్ దవాఖానాకు వెళ్ళాను. ఆమెను మొదటిసారి చూడటం అప్పుడే.

మిగతా దవాఖానాల్లో క్యాలెండరు వేలాడే చోట అక్కడ ఒక పెద్ద ఫోటో ఉంది. ఒక డేగ. దాని గోళ్ళ కింద వెల్లకిలా పడ్డ తెల్లకొంగ. కొంగ మెడ ఇంకా పైకి లేచే ఉంది, నోరు తెరుచుకుని ఉంది. తెల్లటి రెక్కల మీద నల్లగా చారలు. నెత్తురే, ఫోటో నలుపూ తెలుపూ కాబట్టి నలుపు. 

"ఇదేంటండీ, జబ్బు మనుషులు వచ్చే చోట ఇలాంటి బొమ్మ పెట్టారు?" అన్నాను.

"ఎట్లాంటిది?"

"చంపుతోంది కదండీ."

"తింటున్నది" అంది, సూది దించుతూ. నేను ఏడుపు మొదలుపెట్టాను. "ఏడువు, మంచిదే. గాని కాలు కదపకు."

అది తనే తీసిందని కట్టు కట్టేటప్పుడు చెప్పింది. నేను నమ్మలేదు. ఆడవాళ్ళు ఫోటో తీయించుకోవడం తెలుసు గానీ, ఫోటో తీసే ఆడమనిషిని నేనంతవరకు చూడలేదు. ఆమె చదువుకున్న మిషన్ ఆస్పత్రిలో ఒక దొరసాని డాక్టరు ఉండేదట. స్వదేశం వెళ్ళిపోతూ తన కెమెరా, దాని పొడుగాటి గొట్టం లెన్సు, తోలు పట్టీతో సహా ఈమెకిచ్చి వెళ్ళిందట. "గామె పువ్వులు తీసేది. నాకు పువ్వులు ఒద్దు" అంది.

కాలు మానాక, ఒక ఆదివారం తెల్లవారుజామున నాచారం చెరువు కట్ట మీద నడుస్తుంటే జమ్ముగడ్డిలోంచి ఒక చెయ్యి పైకి లేచి 'ఆగు' అన్నట్టు ఊపింది. ఆగాను. చాలాసేపు ఏమీ జరగలేదు. మంచు నీళ్ళ మీదే ఉంది. చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. దూరదేశాల నుంచి చలికాలానికి వచ్చే బాతులు చెరువు నడుమ గుంపుగా తేలుతున్నాయి. ఉన్నట్టుండి అవన్నీ ఒక్కసారి లేచాయి. పైనుంచి ఏదో రాయిలా పడింది. తడిబట్ట బండ మీద బాదినట్టు చప్పుడైంది. గాల్లోనే ఒక బాతు మెడ వేలాడిపోయింది. డేగ దాన్ని పట్టుకుని బరువుగా ఎగురుతూ అవతలి గట్టుకు పోయింది. ఈకలు మాత్రం తీరిగ్గా ఊగుతూ నీళ్ళ మీదకు దిగాయి.

జమ్ములోంచి ఆమె లేచింది. నడుం దాకా బురద. "అయిపోయింది. ఇగ రా" అంది, ఏదో చుట్టాలింట్లో భోజనాలు అయిపోయినట్టు. సంచీలోంచి జొన్నరొట్టె తీసి, పచ్చికారం రాసి, సగం విరిచి నా చేతిలో పెట్టింది. అప్పుడు నాకెందుకు అంత ఆకలేసిందో తెలియదు, తినేశాను.

ఆ రోజు నుంచి నేనామెకు చెల్లెను. ఆమె నాకు అక్క. మావారు "ఆడవాళ్ళిద్దరూ చెరువుల వెంట ఏంటిది?" అని ఒకటి రెండుసార్లు అన్నారు గానీ, ఎదురుపడి ఆమెతో చెప్పే ధైర్యం ఆయనకు లేకపోయింది.

ఆ చలికాలాల్లో నేను చూసినంత చావు అంతకుముందు చూడలేదు. పాము నోట్లో సగం దిగిన కప్ప, ఆ సగంలోంచే అరవడం చూశాను. ఊరకుక్కలు గుంపుగా ఒక మేకపిల్లను మట్టిలో చీల్చుకోవడం చూశాను. బూడిదరంగు పిట్టొకటి ఉండేది, చేతిలో పట్టేంత. తొండపిల్లల్ని పట్టి తుమ్మముల్లుకు గుచ్చి దాచుకునేది. గుచ్చాక కూడా తొండ కాళ్ళు కొట్టుకునేది. ఆమె దానికి కటికోడి పిట్ట, అంటే కసాయి పిట్ట, అని పేరు పెట్టింది. ఆ తొండ కదలిక ఆగేదాకా చెట్టు కింద కూర్చునేది. బుగ్గలో లవంగం ఈ పక్క నుంచి ఆ పక్కకు మారేది, అంతే.

ఫిల్ము దొరకని రోజులు. సికింద్రాబాద్‌లో ఒక స్టూడియో అతను రోలు దొరికినప్పుడు ఆమె కోసం పక్కన పెట్టేవాడు. అందుకని ఆమె ఎగిరే కొంగల్ని, ఈదే బాతుల్ని తీసేది కాదు. పాలపిట్ట వచ్చి ఎదురుగా తీగ మీద కూర్చుని నీలిరెక్కలు విప్పినా కెమెరా ఎత్తేది కాదు.

"ఎంత బాగుందో చూడక్కా, తీయవచ్చుగా?" అన్నానొకసారి.

"మంచిగున్నదాన్ని సూడనీకె కళ్ళు సాలు. కెమెరా ఎందుకు? మనం కళ్ళు మూసుకునేది ఏడనో గాడ కావాలె కెమెరా."

వాళ్ళ చర్చి అయ్యగారు కూడా అడిగారట. బురద కాళ్ళతో ఆరాధనకు వచ్చిందని కోప్పడి, దేవుడి సృష్టిలో అందమైనవి లేవా, ఎప్పుడూ ఈ నెత్తుటి బొమ్మలేనా అన్నారట. "సిలువ మీద ఉన్నది ఏం అందం అయ్యగారూ? దాన్ని గోడకు పెట్టుకున్నం గద" అందట ఈమె. 

ఒకసారి మాత్రం నేనామెతో పెద్దగా పోట్లాడాను. ఎవరో తుపాకీతో కొట్టి వదిలేసిన బాతొకటి రెక్క విరిగి గట్టుకు చేరింది. ఒక పెద్ద గద్ద దిగి, చంపకుండానే రొమ్ము పీకడం మొదలుపెట్టింది. బాతు అరుస్తోంది. నేను మట్టిగడ్డ తీసి విసరబోతే ఆమె నా మణికట్టు పట్టుకుంది. విడిపించుకోబోయాను. ఎముక విరుగుతుందేమో అన్నంతగా బిగించింది.

"వదులక్కా! బతికుండగానే తింటోంది!"

"నువ్వు కొడితే గద్ద పోతది. రెక్క అతుక్కుంటదా? పొద్దుగూకె దాంక గీ బురదలనే కొట్టుకొని కొట్టుకొని సస్తది. గిది జల్ది."

"నువ్వు మనిషివేనా?"

 ఆమె రెండో చేత్తోనే కెమెరా ఎత్తి బటన్ నొక్కింది. అప్పుడు నా చెయ్యి వదిలింది. నేను ఏడుస్తూ ఇంటికొచ్చేశాను. మర్నాడు తనే మా ఇంటికొచ్చి, గుమ్మంలో కూర్చుని, నా మణికట్టు మీద కమిలిన చోట మందు రాసింది. రాస్తూ చెప్పింది, నేను అడక్కుండానే.

"రజాకార్ల దినాలల్ల నేను పోరిని. మిషన్ దవాఖానాల పని నేర్చుకుంటున్న. ఊర్లకెల్లి ఎడ్లబండ్లల్ల మనుషులను ఏసుకొచ్చేటోళ్ళు, గడ్డి ఏసుకొచ్చినట్లు. ఒకామెకు కడుపుల బల్లెం దిగింది. నాకు సూడబుద్ధి కాలె. కళ్ళు మూసుకొని కట్టు కట్టిన. కింద ఇంకొక గాయం ఉన్నది, సూడలే. ఎవ్వలు సూడలే. పొద్దుగాల వరకు నెత్తురంతా పోయింది." సీసాకు మూత పెట్టింది. "గప్పట్సంది మూసుకోను."

మల్లేశం సంగతి చెప్పాలి. చెంగిచెర్ల దగ్గర ఒక క్వారీలో బండలు పేల్చే మేస్త్రీ అతను. పొడుగ్గా, నల్లగా, భుజం మీద ఎర్ర తువ్వాలతో చూడముచ్చటగా ఉండేవాడు. నవ్వితే చెరువు అవతలి గట్టుకు వినిపించేది. సెలవురోజున క్వారీ మందు తెచ్చి, వత్తి అంటించి చెరువులో విసిరేవాడు. నీళ్ళు తాటిచెట్టంత లేచేవి. కాసేపటికి చేపలు తెల్లటి కడుపులు పైకి పెట్టి తేలేవి. బుట్టలకెత్తి అమ్మేవాడు, లేనివాళ్ళకు ఊరికే ఇచ్చేవాడు. మా ఇంట్లోనూ ఆ చేపలే వండుకున్నాం.

చేపలతో పాటు నీళ్ళలో మునిగి తిరిగే బుడుబుంగ పిట్టలూ తేలేవి. పైకి ఏ గాయమూ ఉండేది కాదు. చేత్తో ఎత్తితే లోపలంతా ముద్దయిపోయి, సంచిలో నీళ్ళలా ఉండేవి. ముక్కుల్లోంచి నెత్తురు కారేది. ఆమె వాటిని గట్టు మీద వరసగా పేర్చి ఫోటో తీసింది. తర్వాత కెమెరా ఎత్తి, చేపల బుట్టతో నడిచొస్తున్న మల్లేశాన్నీ తీసింది.

అతను బుట్ట దించాడు. "ఏంది నర్సమ్మా, నా ఫోటో ఎందుకు?"

"నువ్వు గూడ సంపుతున్నవ్ గద. గందుకు."

"గద్దను తీస్కో, నన్నెందుకు తీస్తవ్? ఠాణల ఇస్తవా?"

"గద్ద ఒక్కదాన్ని పట్టుకపోతది. నువ్వు పిల్లలతోని సహా చెరువు మొత్తం సంపుతున్నవ్."

అతను నవ్వుతూనే వచ్చి కెమెరా లాక్కున్నాడు. వెనక మూత పీకి, ఫిల్మంతా బయటికి గుంజి ఎండలో పారేశాడు. ఆ నెలంతా జమ్ములో కూర్చుని ఆమె సంపాదించింది అందులో ఉంది. ఆమె అతని చేతి మీద వంగింది. ఏం చేస్తోందో నాకు అర్థమయ్యేలోపు మల్లేశం కేక వేశాడు. కొరికింది. విడిపించుకోవడానికి అతను ఆమె చెంప మీద కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. బురదలో పడింది. లేచి నోట్లో నెత్తురు ఉమ్మింది. ఆ నెత్తురు ఎవరిదో నాకు తెలియలేదు.

నేను గట్టు మీంచి అరుస్తూ దిగేసరికి అతను తువ్వాల చేతికి చుట్టుకుంటూ, "ఇంకొక్కపారి ఈడ కనబడితే మందు నీ కొంగుకు కట్టి అంటిస్త" అని వెళ్ళిపోయాడు. కెమెరా మాత్రం పగలగొట్టలేదు, గడ్డి మీద పెట్టి పోయాడు.

ఆమె చెంప వారం దాకా వాచే ఉంది. చెరువుకు మళ్ళీ వెళ్ళొద్దని బతిమాలాను. "పిట్టలు వచ్చినయ్. నేను గూడ వస్త" అంది. ఇంకో రోలు సంపాదించి, తర్వాతి ఆదివారమే జమ్ములో కూర్చుంది. నేను కట్ట మీద కాపలా కూర్చున్నాను. కాపలా ఉండి ఏం చేయగలనో నాకే తెలియదు.

మల్లేశం ఇద్దరు మనుషులతో వచ్చాడు. ఆమెను చూశాడో లేదో. మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, మందు తీసి వత్తి అంటించాడు. చెయ్యెత్తాడు. గట్టు మీదున్న వాడెవడో ఏదో అంటే తల తిప్పి జవాబు చెబుతున్నాడు. నేను జమ్ము వైపు చూశాను. ఆమె కెమెరా కంటికి ఆనించి నిలబడి ఉంది.

అప్పుడే పేలింది.

చెవులు గింగురుమన్నాయి. బాతులన్నీ లేచాయి, ఆకాశం కనబడలేదు. పొగ తగ్గాక చూస్తే మల్లేశం ఇంకా నిలబడే ఉన్నాడు. తన కుడిచేతి వైపు చూసుకుంటున్నాడు. మణికట్టు దగ్గర నుంచి ఏమీ లేదు. ఒకవైపు మొహమంతా నల్లగా, ఎర్రగా. అతను ఆశ్చర్యపోయినట్టు కనిపించాడు. మెల్లిగా నీళ్ళలో కూర్చుండిపోయాడు. వచ్చిన ఇద్దరూ బుట్టలు వదిలేసి పొలాలకు అడ్డంపడి పరుగెత్తారు.

ఆమె నీళ్ళలో పడుతూ లేస్తూ అతని దగ్గరికి చేరింది. జుట్టు పట్టి గట్టుకు ఈడ్చింది. కెమెరాను గడ్డిలోకి విసిరి, దాని తోలుపట్టీ ఊడబీకి అతని జబ్బకు చుట్టి, పుల్లతో మెలితిప్పింది. నెత్తురు ఆమె మొహం మీదకు చిమ్మింది. మోకాలు అతని భుజం మీద వేసి అదిమింది.

"సూడు చెల్లె, గీ పుల్ల గట్టిగ పట్టుకో. ఒదిలినవంటే సస్తడు."

పట్టుకున్నాను. నా వేళ్ళ మధ్య నుంచి వెచ్చగా కారుతోంది. మల్లేశానికి ఆమె మొహం కనబడింది. "నన్ను సంపుతవా నర్సమ్మా" అన్నాడు, చిన్నగా.

"నోర్మూయ్. కదలకు."

ఎలా మోశామో, ఈడ్చామో, అతన్ని ఉప్పల్ రోడ్డు దాకా తెచ్చాం. రాళ్ళ లారీ ఒకటి వస్తోంది. ఆమె రోడ్డు మధ్య నిలబడి చేతులెత్తింది. రెండు చేతులూ మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. డ్రైవరు వేగం తగ్గించి, మమ్మల్ని చూసి, "పోలీస్ కేసైతదమ్మా, నాతోని గాదు" అని పక్కనుంచి తప్పించబోయాడు. ఆమె రాయి తీసి లారీ దీపం పగలగొట్టింది. ఇంకో రాయి చేతిలోకి తీసుకుంది.

"గిది నీ మొకానికి. ఎక్కించుకుంటవా?"

ఎక్కించుకున్నాడు. బండరాళ్ళ మీద అతన్ని పడుకోబెట్టి సికింద్రాబాద్ పెద్ద దవాఖానాకు బయల్దేరాం. లారీ ఊగినప్పుడల్లా అతను మూలిగేవాడు. కళ్ళు మూతలు పడబోతే ఆమె చెంప మీద ఛెళ్ళున కొట్టేది. మళ్ళీ మూతలు పడేవి, మళ్ళీ కొట్టేది. తార్నాక దాటాక అతను, "నా చెయ్యేది?" అని అడిగాడు. ఏదైనా సర్దిచెబుతుందనుకున్నాను.

"చెరువుల ఉన్నది. ఇగ రాదు. ఎడమ చెయ్యి ఉన్నది, కన్ను ఒకటి ఉన్నది. గవి సూస్కో" అంది.

మల్లేశం బతికాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా చీరలు చూసి మనుషులు దూరంగా జరిగి కూర్చున్నారు. నేను అడిగాను.

"లారీలో అన్నిసార్లు కొట్టావు. తెలివి తప్పకుండా ఉండడానికా, పోయినవారం దెబ్బలకు బదులా?"

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, "రెండూ" అంది.

పట్టీ లేని ఆ కెమెరాను గడ్డిలోంచి నేనే వెతికి తెచ్చిచ్చాను. చర్మం మీద గాయం చూసినట్టు దాన్ని తిప్పి తిప్పి చూసి బీరువాలో పెట్టింది. నేను ఎన్ని ఆదివారాలు పిలిచినా చెరువుకు రాలేదు. చలికాలం అయిపోయిందిగా, వచ్చే ఏడు చూద్దాం అనేది. వచ్చే ఏడూ రాలేదు, ఆ పై ఏడూ రాలేదు. చివరికి మెదక్ వైపు బదిలీ అయి వెళ్ళిపోయింది.

ఎందుకు రాలేదో నాకు తెలుసు. ఆ ఏడాదే, ఎండలు ముదరకముందే, మల్లేశాన్ని పెద్ద దవాఖానా నుంచి పంపించేశాక, కట్టు మార్పించుకోవడానికి ఉప్పల్ దవాఖానాకే వస్తున్నాడని తెలిసిన రోజున ఆమె నాకు కబురు పెట్టింది.

"రేపు పొద్దుగాల రా చెల్లె. వాడు వస్తుండు."

"నేనెందుకక్కా?"

"నువ్వు గూడ గాడ ఉన్నవ్ గద. నేనేమన్న తక్కువ చెప్తే నువ్వు చెప్పాలె."

ఏం చెప్పబోతోందో నాకు అర్థం కాలేదు. వెళ్ళాను.

మల్లేశం బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. సగమయ్యాడు. ఒక కంటికి గుడ్డ, కుడిచేతికి కట్టు. పక్కన అతని భార్య, సన్నగా, చంకలో నర్సమ్మకని తెచ్చిన, కాళ్ళు కట్టేసిన కోడిపెట్ట. నర్సమ్మను చూడగానే ఆ అమ్మాయి కోడిని కింద పెట్టి కాళ్ళ మీద పడిపోయింది.

"నా మొగన్ని బతికిచ్చినవ్ అమ్మా. నువ్వు మాకు దేవతవు."

నర్సమ్మ వేడి పెనం మీద కాలు పెట్టినట్టు వెనక్కి గెంతింది. "లే. మొక్కకు. ముందుగాల నేను చెప్పేది ఇను. మల్లేశం, నువ్వు గూడ ఇను."

అతను తలెత్తాడు.

"గా దినం నేను నిన్నే సూస్తున్న, కెమెరాల నుంచి. వత్తి అంటిచ్చినవ్. మీవోనితోని మాట్లాడుకుంట నిలబడ్డవ్. వత్తి కాలుకుంట చేతి దగ్గరికొచ్చింది. గా లెన్సుల దగ్గరగ కనబడ్తది. నాకు మంచిగ కనబడ్డది. ఒక్క కేక ఏస్తే ఇసిరేసెటోనివి."

 బెంచీ కింద కోడి రెక్కలు కొట్టుకుంటోంది.

"మరి?" అన్నాడు మల్లేశం.

"ఎయ్యలే."

"ఎందుకెయ్యలే?"

"ఫోటో తీస్తున్న."

అతను నా వైపు చూశాడు, ఇది నిజమేనా అన్నట్టు. నేనూ కేక వినలేదు. తల దించుకున్నాను.

"నిన్ను కొట్టిన్నని... పగతోనా?"

"పగ అయితే మంచిగనే ఉండేది" అంది ఆమె. గొంతు ఎప్పటిలాగే ఉంది, చేతులు మాత్రం చీరను పిండుతున్నాయి. "పగ గాదు. నువ్వు నాకు యాదికే లేవు. చెయ్యి, పొగ, నీళ్ళు... మస్తుగ కనబడ్డయ్. నొక్కిన. గంతే."

మల్లేశం లేచాడు. ఎడమచేత్తో కొట్టాడు. అలవాటు లేని చెయ్యి, దెబ్బ చెంప మీద కాక మూతి మీద పడింది. మళ్ళీ కొట్టాడు. ఆమె చేతులు అడ్డం పెట్టలేదు, వెనక్కి జరగలేదు, కళ్ళు మూసుకోలేదు. అతని భార్య అరుస్తూ నడుం పట్టుకుని లాగుతోంది. నేను లేవబోతే ఆమె నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఇంకో దెబ్బకు చెయ్యెత్తి అతను తూలాడు. గోడ పట్టుకుని నిలబడ్డాడు. నోరు తెరిచి గాలి పీలుస్తున్నాడు. ఉన్న ఒక్క కంట్లోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"ఇంకా కొట్టెడిదున్నదా?" అంది.

అతను ఎడమచేత్తో కన్ను తుడుచుకున్నాడు.

"అయితే కూసో. కట్టు ఇప్పాలె. సీము పడ్తున్నట్టున్నది, వాసనొస్తున్నది."

అతను అలాగే నిలబడ్డాడు. వెళ్ళిపోతాడనుకున్నాను. ఆమె స్టూలు లాగి, పళ్ళెంలో వేడినీళ్ళు పోసి, దూదీ కత్తెరా సర్దుకుంది, అతను కూర్చునే ఉన్నట్టు. కాసేపటికి అతను నిజంగానే కూర్చున్నాడు. మొండిచెయ్యి చాపాడు.

గుడ్డ పుండుకు అతుక్కుపోయింది. తడుపుతూ, కొంచెం కొంచెంగా ఊడదీస్తోంది. అతను తువ్వాల నోట్లో కుక్కుకున్నాడు. ఆమె పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదుగా కారుతోంది. రెండు చేతులూ పనిలో ఉన్నాయి కాబట్టి తుడుచుకోలేదు. మల్లేశం భార్య చూసీ చూసీ, దగ్గరికొచ్చి, తన కొంగుతో ఆమె గడ్డం తుడిచింది. 

కట్టు పూర్తయింది. మల్లేశం లేచి తువ్వాల భుజాన వేసుకున్నాడు.

"మల్ల ఎప్పుడు రావాలె?" అన్నాడు, గోడ వైపు చూస్తూ.

"శుక్రవారం. పొద్దుగాల్నే రా, మంది ఉండరు."

వాళ్ళిద్దరూ గుమ్మం దాకా వెళ్ళాక ఆమెకు బెంచీ కింద కోడి కనబడింది. "ఏయ్, మీ కోడిని తీస్కపోండి" అంది.

మల్లేశం భార్య తిరగబోయింది. అతను వెనక్కి చూడకుండానే భార్య భుజం మీద ఎడమచెయ్యి వేశాడు.

"ఉండనియ్" అన్నాడు.